పట్టు విడువని బ్రేకు

బ్రేకు అనగానే మనకు స్ఫురించునది బండి ఆగుట. బ్రేకు పడలేదన్న మాట వినినంతనే గుండె గుభేలుమనును. కాని పడిన బ్రేకు తిరిగి విడువకపోవుట కూడ అంతటి ప్రమాదమేనన్న సంగతి, అది మనకే ఎదురగువరకు మనలో పెక్కురకు తట్టదు. లోకవ్యవహారములో పట్టూ విడుపూ రెండును ఉండవలెనని పెద్దలందురు. కారు బ్రేకునకును అదియే ధర్మము. పాదము మోపినపుడు పట్టవలెను. పాదము తీసినపుడు విడువవలెను. పట్టి విడువనిదానిని మనవారు ఉడుంపట్టు అందురు. షెడ్డులలో పనిచేయువారు దీనినే "బ్రేకు పట్టేసింది" అందురు. ఈ ఉడుంపట్టు ఏల కలుగును, దానిని ఎట్లు కనుగొనవలెను, ఎట్లు వదలింపవలెను అనునదియే నేటి మా ప్రసంగము.

ముందుగా మాకు ఎదురైన ఒక సంఘటనను విన్నవించెదము. కొంతకాలము క్రిందట ధ్వనిముద్రణ పనిమీద మా కార్యాలయమునుండి నలుగురము కారులో శ్రీశైలము వెళ్లితిమి. పని ముగిసిన పిమ్మట, మధ్యాహ్నము దాటిన వేళ, దోర్నాల మీదుగా తిరుగు ప్రయాణమైతిమి. ఆ దారి నల్లమల అడవిలో ఎన్నో మలుపులు తిరుగుచు దిగును. నాలుగైదు మలుపులు దాటునప్పటికి ఏదో కాలిన వాసన కారులోనికి వచ్చెను. ముందు పోవుచున్న లారీది కాబోలునని అద్దములు ఎత్తుకొంటిమి. లారీ ముందుకు సాగిపోయినది. వాసన మాత్రము మాతోనే వచ్చినది. అప్పుడు మా డ్రైవరు, "అయ్యా, ఈ వాసన మన బండిదేనండీ. పెడలు కూడా మెత్తగా దిగుతోంది" అనెను. ఆతని గొంతు మారియుండుట మేమందరము గమనించితిమి.

ఆతడు గేరు తగ్గించి, దారి వెడల్పుగానున్న ఒక చోట కారును ప్రక్కకు నిలిపెను. ముందరి ఎడమ చక్రము దగ్గరకు అరచేయి తీసికొనిపోగా పొయ్యి ముందు కూర్చున్నంత సెగ కొట్టినది. కుడి చక్రము గోరువెచ్చగా మాత్రమున్నది. మాలో ఒకరు నీళ్లసీసా మూత తీసి చక్రముమీద కుమ్మరింపబోగా డ్రైవరు చేయి పట్టుకొనెను. బాగుగా కాగిన ఇనుప పెనముమీద చన్నీళ్లు పోసిన అది వంగుటయో పగులుటయో జరుగును. బ్రేకు డిస్కునకును అంతే. చేయునది లేక చెట్టునీడన ముప్పాతిక గంట కూర్చుంటిమి. ఇద్దరు పిల్లల తండ్రులము, పెండ్లికి ఎదిగిన కూతురున్నవారొకరు, క్రొత్తగా ఉద్యోగములో చేరినవాడొకడు. పెడలు మెత్తబడిన ఆ క్షణము మరి రెండు మలుపులు దాటిన తరువాత వచ్చియుండిన ఏమయ్యెడిదో అని ఎవరును పైకి అనలేదు.

ఆ నీడలోనే మాకొక సంగతి జ్ఞాపకము వచ్చినది. మూడు నెలల ముందే ఆ చక్రమునకు క్రొత్త ప్యాడులు వేయించితిమి. అప్పుడు తీసిన పాత ప్యాడులలో లోపలివైపుది ఇనుపరేకు వరకు అరిగిపోయినది. వెలుపలివైపుది సగమైనను అరుగలేదు. ఆ సంగతి షెడ్డువారు చూపిరి, మేమును చూచితిమి. ఇట్లేల అయినదని వారు చెప్పలేదు, మేమడుగలేదు. డబ్బు చెల్లించి వచ్చివేసితిమి.

బ్రేకు చల్లారిన తరువాత తక్కువ గేరులో, నడకవంటి వేగముతో కొండ దిగితిమి. ఊరు చేరిన పిమ్మట వయసు మళ్లిన మరొక మెకానిక్కు వద్దకు కారును పంపితిమి. ఆయన చక్రము విప్పి, రెండు ప్యాడులను వార్తాపత్రిక ముక్కపై ప్రక్కప్రక్కన పరచి, "ఈ రెండూ ఒకేరోజు వేసినవేనాండీ?" అని అడిగెను. ఔనంటిమి. "అయితే సమానంగా అరగాలి గదండీ! అరగలేదంటే తప్పు ప్యాడుది కాదు. ఇవి సాక్షులండీ. సాక్షిని మార్చేశారు, దొంగ లోపలే ఉన్నాడు" అనెను. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినదంతయు ఆ ముసలి మెకానిక్కు రెండు మాటలలో చెప్పివేసినాడు. మిగిలినది ఆ దొంగ ఎవరు, ఎక్కడ దాగియుండును అను వివరము మాత్రమే.

డిస్కు బ్రేకు మరీ క్రొత్త వస్తువు కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెములో డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలుచుటతో దాని కీర్తి వ్యాపించినది. మన దేశములో అంబాసిడరు, పద్మిని కార్లు చిరకాలము డ్రమ్ము బ్రేకులతోనే నడచినవి; 1983లో వచ్చిన మారుతి 800 ముందరి చక్రములకు డిస్కు బ్రేకులతో మధ్యతరగతి ఇండ్లకు చేరినది. నేడు చాల కార్లకు ముందరి చక్రములకు డిస్కులు, వెనుకటి చక్రములకు డ్రమ్ములు ఉన్నవి. ఖరీదైనవానిలో నాలుగు చక్రములకును డిస్కులే.

చక్రముతో పాటు తిరుగు ఇనుప పళ్లెమును డిస్కు అందురు. ఆ పళ్లెపు అంచును ఇరువైపుల నుండి పట్టుకొను పట్టకారు వంటిది క్యాలిపరు. కంసాలి పట్టకారునకు రెండు దవడలున్నట్లు దీనికి రెండు ప్యాడులు. ఒకటి కారు లోపలివైపు, మరొకటి మనకు కనబడు వెలుపలివైపు. మనము పెడలు త్రొక్కగా సన్నని గొట్టములలోని ద్రవము ఆ ఒత్తిడిని క్యాలిపరునకు చేర్చును. మూసియున్న ద్రవముపై ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దములో పాస్కలు చెప్పిన సూత్రమే దీనికి ఆధారము. క్యాలిపరులోని పిస్టను ఆ ఒత్తిడికి ముందుకు వచ్చి లోపలి ప్యాడును డిస్కునకు నొక్కును.

సామాన్యముగా మన కార్లలో పిస్టను లోపలివైపు మాత్రమే యుండును. మరి వెలుపలి ప్యాడును నొక్కునదెవరు? క్యాలిపరు శరీరము రెండు పిన్నులపై అటునిటు జారునట్లు అమర్చియుందురు. పిస్టను లోపలి ప్యాడును డిస్కునకు నొక్కగానే, దాని ప్రతిక్రియవలన క్యాలిపరు వెనుకకు జారి, వెలుపలి ప్యాడును తనతో లాగికొని వచ్చి డిస్కునకు ఆన్చును. ఇట్లు ఒక్క పిస్టనుతో రెండు దవడలును బిగియును. ఈ ఉపాయము అంతయు ఆ రెండు పిన్నులు సుఖముగా జారుటపై ఆధారపడియున్నదని శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

ఇక విడుపు సంగతి. డ్రమ్ము బ్రేకులో బూట్లను వెనుకకు లాగుటకు స్ప్రింగులున్నవి. డిస్కు బ్రేకులో పిస్టనును వెనుకకు లాగు స్ప్రింగు లేదు. ఆ పని చేయునది పిస్టను చుట్టునున్న ఒక రబ్బరు సీలు. ఎట్లందురా? శ్రోతలు తమ ముంజేతిమీద ఒక వ్రేలు ఆన్చి కొద్దిగా ముందుకు త్రోయుదురుగాక. వ్రేలు జారదు, చర్మమే దానితో సాగును. ఒత్తిడి తీయగానే చర్మము స్వస్థానమునకు వచ్చుచు వ్రేలిని కూడ వెనుకకు తెచ్చును. సీలు చేయు పనియు సరిగా ఇదియే. ద్రవము నొక్కినపుడు పిస్టనుతో పాటు వంగును. ఒత్తిడి తొలగగానే మునుపటి ఆకారమునకు వచ్చుచు పిస్టనును వెనుకకు తీయును. ఆ వెనుకంజ మిల్లీమీటరులో స్వల్పభాగము మాత్రమే. అంత కొద్ది ఎడముతోనే బ్రేకు విడుపు నడచుచున్నది. అందుచేతనే ఒక చిటికెడు తుప్పు చాలును, పట్టు విడువకుండుటకు.

ఇప్పుడు దొంగలను ఒక్కొక్కరినే చూతము.

మొదటివాడు పిస్టను. దానిపై దుమ్ము, నీరు పడకుండ ఒక రబ్బరు తొడుగుండును. ఆ తొడుగు చిరిగినచో వర్షాకాలపు బురదనీరు, సముద్రతీరపు ఉప్పుగాలి లోపలికి చేరి పిస్టనుపై తుప్పు పట్టించును. బందరు, విశాఖపట్నము వంటి తీరపట్టణములలో ఈ బాధ హెచ్చు. తుప్పు పట్టిన పిస్టను ద్రవపు బలమునకు ముందుకు వచ్చును గాని, సీలునకున్న స్వల్పబలమునకు వెనుకకు పోదు.

రెండవవాడు జారెడు పిన్ను. దానికి వేసిన గ్రీజు ఎండిపోయినను, రబ్బరు తొడుగు చిరిగి నీరు చొచ్చినను, పిన్ను తన రంధ్రములోనే బిగిసిపోవును. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనకొక సామెత కలదు. ఎద్దుబండి ఇరుసు తన కష్టమును కిర్రుకిర్రుమని ఊరంతకు చెప్పుకొనును. కాని కందెన లేని క్యాలిపరు పిన్ను చాలసార్లు నోరు మెదపదు. నిశ్శబ్దముగ ప్యాడును తినివేయును.

మూడవవాడు ప్యాడు కూర్చుండు చోటు. ప్యాడు రేకునకు రెండు కొనలయందును చెవులవంటివి ఉండును. అవి బ్రాకెట్టులోని గాడులలో జారవలెను. ఆ గాడులలో తుప్పు పొరలు కట్టినచో ప్యాడు ఇరుకున పడును. క్రొత్త ప్యాడు వేయునపుడు దూరలేదని సుత్తితో కొట్టి కూర్చోబెట్టుట కొన్నిచోట్ల కలదు. కొట్టి కూర్చోబెట్టిన ప్యాడు తనంతట తాను వెనుకకు ఎట్లు రాగలదు?

నాలుగవవాడు రబ్బరు హోసు. పాతబడిన హోసు వెలుపల చక్కగా కనబడుచునే లోపల ఉబ్బి, దారిని ఇరుకు చేయును. పెడలు త్రొక్కిన బలమునకు ద్రవము లోపలికి పోవును. తిరిగి రాదు, లేక మెల్లగా వచ్చును. వెనుకటి చక్రములకు డిస్కులున్న కార్లలో హ్యాండు బ్రేకు తీగ తుప్పుపట్టి వెనుకకు రాకపోవుట ఐదవ కారణము.

ఇక సాక్షుల మాట. అరిగిన ప్యాడులు ఎట్లు చెప్పునో వినుడు. లోపలి ప్యాడు మిక్కిలి అరిగి వెలుపలిది మిగిలినచో, పిస్టను వెనుకకు పోవుట లేదనియో, పిన్నులు జారక భారమంతయు లోపలి ప్యాడుపైననే పడుచున్నదనియో అనుమానింపవలెను. వెలుపలి ప్యాడే హెచ్చుగా అరిగినచో, పిన్నులు బిగిసి క్యాలిపరు వెనుకకు జరుగుట లేదని తలపవలెను. ఒకే ప్యాడు ఒక కొన పలుచగా, మరియొక కొన మందముగా ఏటవాలుగా అరిగినచో, రెండు పిన్నులలో ఒకటి మాత్రమే బిగిసియుండవచ్చును, లేక ప్యాడు చెవి ఒకటి గాడిలో ఇరుకుకొనియుండవచ్చును. బల్ల సొరుగు ఒకవైపే బిగిసినపుడు అది అడ్డముగా వంకరపోవుట మనమెరిగినదే గదా. ఒక చక్రపు రెండు ప్యాడులును సమముగా అరిగి, ఎదుటి చక్రపు ప్యాడులకంటె చాల ముందుగా అయిపోయినచో, హోసువైపు చూడవలెను. ఈ సాక్ష్యములు దారి చూపును. తీర్పు మాత్రము చేతితో కదిపి చూచిన తరువాతనే.

ఇచట ఒక హెచ్చరిక. చాలమంది చక్రపు కంతలలోనుండి తొంగిచూచి, ప్యాడు ఇంకను మందముగా నున్నదని తృప్తిపడుదురు. ఆ కంతలలోనుండి కనబడునది వెలుపలి ప్యాడు మాత్రమే. దాని వెనుక దాగిన లోపలి ప్యాడు రేకువరకు అరిగియుండవచ్చును. మా కారులో జరిగినది అదియే. మరొక సంగతి. ప్యాడు అరిగినపుడు కీచుమని శబ్దము చేయుటకు చిన్న రేకు నొకదానిని అమర్చుదురు. పెక్కు కార్లలో అది రెండింటిలో ఒక ప్యాడునకే, సాధారణముగా లోపలిదానికే, ఉండును. రెండవ ప్యాడు ముందు అరిగినచో ఆ కావలివాడు కూయడు. కావున చక్రము విప్పి రెండింటిని చూచుటయే సరియైన పద్ధతి. పదివేల కిలోమీటర్లకొకసారి, లేక కారు పుస్తకములో చెప్పిన గడువున, టైర్లు మార్చి వేయించుకొనునపుడే ఈ పని చేయించవచ్చును.

ఇంట నున్నవారు, యంత్రజ్ఞానము లేనివారు సైతము ఈ జబ్బును తొలిదశలోనే కనిపెట్టగలరు. ఒకటి: పదిహేను కిలోమీటర్లు నడపి, చివరి కొంతదూరము బ్రేకు వాడక మెల్లగా ఆపి, నాలుగు చక్రముల దగ్గర అరచేయి చూపవలెను. తాకరాదు, చేయి కాలగలదు. ఎడమ కుడి చక్రములలో ఒకటి మాత్రమే సెగలు క్రక్కుచున్నచో అది నేరస్థలము. రెండు: ఒక చక్రముమీద మాత్రము నల్లని పొడి ఎక్కువగా పేరుకొనుట. మూడు: చదునైన చోట గేరు తీసి వదలిన కారు మునుపటివలె దొర్లకుండుట, మైలేజీ తగ్గుట. నాలుగు: కారు ఒక ప్రక్కకు లాగుట. క్యాలిపరు విడువక బిగిసినచో కారు ఎల్లప్పుడును ఆ ప్రక్కకే లాగును. క్యాలిపరు అసలు పట్టకయే బిగిసియున్నచో, బ్రేకు వేసినపుడు మాత్రము ఎదుటి ప్రక్కకు లాగును. ఈ భేదము చెప్పగలిగిన యజమానికి షెడ్డులో సగము పని తగ్గును.

చాలకాలము కదలక నిలిచిన కార్లకు ఈ వ్యాధి సులభముగా సోకును. 2020లో కట్టడుల కాలమున నెలలతరబడి వాకిళ్లలో నిలిచిన కార్లను తిరిగి తీసినపుడు పట్టివేసిన బ్రేకులు ఎందరికో అనుభవమే. వానకు తడిసిన డిస్కుపై తెల్లవారునప్పటికి సన్నని తుప్పు కనబడుట సహజము. రెండుమూడుసార్లు బ్రేకు వేయగానే అది పోవును, భయపడనక్కరలేదు. విద్యుత్తు కార్లలో మోటారే వేగమును తగ్గించుటచేత బ్రేకుల వాడుక తక్కువ. ప్యాడు ఎక్కువకాలము మన్నును, నిజమే. కాని వాడుక లేని పిన్ను బిగిసిపోవును. కావున ఆ కార్లవారు మరింత శ్రద్ధ వహింపవలెను.

మరమ్మతు వేళ పాటింపవలసిన సంగతులు కొన్ని కలవు. స్వయముగా చేయువారు చదునైన గట్టినేలపై, మిగిలిన చక్రములకు దిమ్మెలు పెట్టి, కారును స్టాండుపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి కారుక్రింద చేయి గాని కాలు గాని పెట్టరాదు. విప్పిన క్యాలిపరును హోసుపై వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. బ్రేకు పొడిని నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు; పాతకాలపు ప్యాడులలో ఆస్‌బెస్టాసు ఉండెడిది, ఏ పొడియైనను ఊపిరితిత్తులకు మేలుచేయదు. తడిగుడ్డతో తుడువవలెను.

బిగిసినది ఎచటనో తెలిసికొనుటకు మంచి మెకానిక్కులు చేయు పరీక్ష ఒకటి కలదు. చక్రము తిరుగక బిగిసియున్నపుడు క్యాలిపరుపైనున్న గాలితీయు మరను కొద్దిగా వదులు చేయుదురు. కొంచెము ద్రవము చిమ్మి చక్రము వెంటనే తిరిగినచో, ఒత్తిడి లోపల చిక్కుకొన్నదన్నమాట. తప్పు హోసులోనో దానికి పైనున్న మాస్టరు సిలిండరులోనో ఉన్నది. అయినను చక్రము తిరుగకున్నచో, తప్పు పిస్టనులోనో పిన్నులలోనో ఉన్నది. ఈ చిన్న పరీక్ష చేయక క్యాలిపరునంతటిని మార్పించిన యజమానులు కలరు.

పిన్నులు చేతితో సులభముగ జారవలెను. తుప్పు తుడిచి, రంధ్రమును శుభ్రము చేసి, బ్రేకులకని ప్రత్యేకముగ అమ్ము గ్రీజునే పలుచగా పూయవలెను. బేరింగులకు వాడు మామూలు గ్రీజు పనికిరాదు. అందలి పెట్రోలియపు నూనెవలన రబ్బరు ఉబ్బి పిన్ను మరల బిగియును. పిన్ను గుంటలు పడియున్నచో మార్చవలెను. కొన్ని కార్లలో రెండు పిన్నులు ఒకేతీరున ఉండవు. ఒకదానికి రబ్బరు ముక్క తొడిగియుండును. దేని చోటున దానినే పెట్టవలెను. ప్యాడు కూర్చుండు గాడులలో తుప్పు గీకి, రేకు క్లిప్పులు క్రొత్తవి వేయవలెను. గుంటలు పడిన పిస్టనును ఎమెరీ కాగితముతో రుద్ది సరిపెట్టుట మంచిది కాదు. పిస్టను, సీలు రెండును మార్చుటయో, క్యాలిపరునే మార్చుటయో చేయవలెను. హ్యాండు బ్రేకు కలిసియున్న వెనుకటి క్యాలిపరులలో పెక్కింటి పిస్టనును త్రిప్పుచు లోపలికి పంపవలెను. బలముగ నొక్కినచో లోపలి మర పాడగును. మీట నొక్కినంతనే హ్యాండు బ్రేకు పడు క్రొత్త కార్లలో ముందుగా దానిని మరమ్మతు స్థితిలోనికి తేవలెను. ప్యాడులు ఎప్పుడును ఎడమకు కుడికి కలిపి జతగా మార్చవలెను. ఒకవైపే మార్చినచో కారు సమముగా ఆగదు.

చివరగా బ్రేకు ఆయిలు. వాడుకలో ఆయిలందుము గాని అది నూనె కాదు. నూనెయే గదాయని ఇంజనాయిలు కొద్దిగా పోసినను రబ్బరు సీళ్లన్నియు ఉబ్బి చెడును. సాధారణముగా వాడు డాట్ 3, డాట్ 4 ద్రవములకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. క్రొత్త డాట్ 4 ద్రవము కనీసము 230 డిగ్రీల సెల్సియసు వరకు మరుగరాదని నియమము. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 155కు దిగును. పట్టివేసిన బ్రేకు ప్రక్కననే ఈ ద్రవమున్నది. సెగకు అది మరిగి ఆవిరియైనచో, ఆ ఆవిరిబుడగలు నలుగును గాని ఒత్తిడిని చేరవేయవు. పెడలు మెత్తగా నేలవరకు దిగును. నల్లమల దారిలో మా డ్రైవరు గొంతు మారుటకు కారణమిదియే. విడువని బ్రేకు చివరకు పట్టని బ్రేకుగా మారుట ఇట్లు! అందుచేత ఈ ద్రవమును సాధారణముగా రెండేండ్లకొకసారి, లేక కారు పుస్తకములో చెప్పినట్లు, పూర్తిగా మార్పించవలెను. దాని విలువ ఒక జత ప్యాడుల విలువకంటె తక్కువ.

దారిలో కాలిన వాసన వచ్చి, పెడలు మెత్తబడినచో చేయవలసినదేమి? వెంటనే గేరు తగ్గించి ఇంజనుతో వేగము నిలుపవలెను. పెడలును రెండుమూడుసార్లు త్వరత్వరగా త్రొక్కినచో కొంత ఒత్తిడి తిరిగి రావచ్చును. హ్యాండు బ్రేకును ఒక్కసారిగా లాగక మెల్లమెల్లగా లాగవలెను. సురక్షితమైన చోట ఆపి, అందరిని దింపి, చక్రములకు రాళ్లు పెట్టి, చల్లారనీయవలెను. నీళ్లు పోయరాదు. చల్లారిన తరువాత పెడలు గట్టిబడినను అది నయమైనదని భ్రమపడరాదు. కొండదారియైనచో ఆ కారును మరొక బండితో మోయించి తీసికొనిపోవుటయే క్షేమము. మేము మా కారునే నడపుకొని దిగితిమి, అదృష్టము మంచిదైనది. మమ్ము ఈ విషయములో అనుసరింపవద్దని శ్రోతలకు మనవి.

ముసలి మెకానిక్కు ఆనాడు మా క్యాలిపరును విప్పి చూపగా, పిన్నులలో ఒకటి సుత్తికి గాని ఊడి రాలేదు; పిస్టను తొడుగు చిరిగి, లోపల ఎర్రని తుప్పుండెను. పిన్నులు, పిస్టను, సీలు, ద్రవము మార్చుటకు ఒక పూట పట్టినది. ఆ తరువాత ఒక సంవత్సరమునకు ప్యాడులు తీయించి చూచితిమి. రెండును ఒకే మందమున నున్నవి. ఆయన వానిని మా చేతిలో పెట్టి, "ఇప్పుడు సాక్షులిద్దరూ ఒకే మాట చెబుతున్నారండీ" అనెను.

కావున శ్రోతలకు మా విన్నపము ఒక్కటే. ఇకమీద మీ కారునకు ప్యాడులు మార్చునపుడు, పాతవానిని పారవేయనీయక అడిగి తీసికొనుడు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. సమముగా అరుగనిచో, "ఇట్లేల అయినది?" అని ఒక్క ప్రశ్న వేయుడు. జవాబు వచ్చువరకు కారును తీసికొనిపోకుడు. మేము అడుగక వచ్చిన ఆ ఒక్క ప్రశ్న వెల ఎంతయో నల్లమల చెట్టునీడన మాకు తెలిసినది.